వార్ధక్యం: శరీరం ఎందుకు ముదుసలిదవుతుంది?

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని మీలో చాలామంది చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించుకుని, మరుసటి ఏడాది అది మ్యూజియంగా మారింది. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఎప్పటికప్పుడు తుప్పు గీకి రంగు వేయాల్సిందే. మన శరీరం కూడా ఇలాగే తుప్పు పడుతుందనీ, దానికే ముసలితనమని పేరు అనీ చాలామంది అనుకుంటారు. ఈ పోలికలో కొంత నిజం ఉంది, పెద్ద లోపమూ ఉంది. ముందుగా ఆ రెండింటినీ విడదీసి చూద్దాం.

వార్ధక్యం అంటే ఏమిటి?

ఏళ్లు గడవడమే వార్ధక్యం కాదు. ఏళ్లతో పాటు మరణించే అవకాశం పెరగడాన్ని జీవశాస్త్రంలో వార్ధక్యం అంటారు. ఈ అవకాశం ఒకే మోతాదులో కాక గుణోత్తర శ్రేణిలో పెరుగుతుందని 1825లో బెంజమిన్ గోంపర్ట్జ్ అనే బ్రిటిష్ గణితవేత్త గుర్తించాడు. వయోజనులలో ఇది సుమారు 8 ఏళ్లకు రెట్టింపవుతుంది. మీరే లెక్క వేయండి: 30 నుంచి 70 ఏళ్ల మధ్య ఐదు రెట్టింపులు, అంటే సుమారు 32 రెట్లు.

కణాలలో జరిగేది

మనం పీల్చే ఆక్సిజన్‌ను కణంలోని మైటోకాండ్రియా వాడుకుని ఎ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని తయారుచేస్తాయి. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాలలో గుర్తించిన పదార్థం ఇదే.) ఈ పనిలో స్వేచ్ఛా ప్రాతిపదికలు అనే చురుకైన అణువులు కూడా పుడతాయి. అవి డి.ఎన్.ఎ.ను, ప్రోటీన్లను, కణత్వచాలను దెబ్బతీస్తాయి. వార్ధక్యానికి ఇదే మూలమని డెన్హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించాడు. తుప్పు పోలిక ఈ సిద్ధాంతానికి బాగా సరిపోతుంది.

అలాగైతే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే వయసు ఆగాలి కదా? ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేలకు పైగా పురుషులపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. స్వేచ్ఛా ప్రాతిపదికలు కణాలకు సంకేతాలుగానూ పనిచేస్తాయని ఆ తరవాతి పరిశోధనలు చూపాయి. మందుల దుకాణంలో ‘యవ్వనం’ పేరుతో ఏదైనా సీసా కనిపిస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

రెండో కారణం కణవిభజనకు ఉన్న హద్దు. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపారు. క్రోమోజోమ్ చివర్లలో ఉండే టెలోమియర్లు విభజన జరిగినప్పుడల్లా కాస్త కురచబడుతూ రావడమే ఇందుకు కారణం. టెలోమియర్లు క్రోమోజోమ్‌లను ఎలా కాపాడతాయో, టెలోమెరేజ్ ఎంజైమ్ వాటిని ఎలా నిర్మిస్తుందో కనుగొన్నందుకు బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. అయితే టెలోమెరేజ్‌ను అన్ని కణాలలో పనిచేయిస్తే సరిపోతుందా? క్యాన్సర్ కణాలలో అత్యధికం చేస్తున్నది సరిగ్గా అదే. విభజన ఆపిన కణాలు కొన్ని చావకుండా మిగిలిపోయి, వాపు కలిగించే పదార్థాలను వదులుతూ చుట్టుపక్కల కణజాలాన్ని కూడా పాడుచేస్తాయి.

మరమ్మతు ఉన్నా ఎందుకు చాలదు?

తుప్పు పోలిక చెడిపోయేది ఇక్కడే. ఇనుము తనను తాను బాగుచేసుకోలేదు, శరీరం చేసుకుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. ఏ బ్లాస్ట్ ఫర్నేసుకైనా లోపలి ఇటుకల పొర కొన్నేళ్లకు అరిగిపోతుంది. అప్పుడు ఫర్నేసును ఆపి కొత్త పొర కడతారు. మన పేగుల లోపలి పొర ఆగకుండానే కొద్ది రోజులకొకసారి మారిపోతుంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులకు మారతాయి. మెదడులోని అత్యధిక నాడీకణాలు, కంటి కటకం మధ్యభాగం, లోపలి చెవిలోని రోమకణాలు మాత్రం పుట్టుకతో వచ్చినవే. పోతే మళ్లీ రావు.

ఇంత మరమ్మతు చేయగల శరీరం దాన్ని పూర్తిగా ఎందుకు చేయదు? ప్రకృతి వరణం పిల్లలను కనే వయసు దాటిన తరవాత బలహీనపడుతుంది. నడివయసులో బయటపడే హంటింగ్టన్ వ్యాధిని దృష్టిలో పెట్టుకుని జె.బి.ఎస్. హాల్డేన్ ఈ ఆలోచన చేశాడు: రోగం కనిపించేలోగా జన్యువు పిల్లలకు చేరిపోతుంది. దీన్ని పీటర్ మెడవార్ వార్ధక్యానికంతటికీ వర్తింపజేశాడు. మరమ్మతుకూ సంతానోత్పత్తికీ ఒకే శక్తిని పంచుకోవాలి కాబట్టి, శరీరాన్ని కలకాలం నిలబెట్టేంత ఖర్చు పరిణామంలో గిట్టుబాటు కాలేదని 1977లో టామ్ కిర్క్‌వుడ్ వివరించాడు. ఈ హాల్డేన్ మనకు మరీ దూరపువాడు కాదు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

వయసుదా, పనిదా?

ఓడరేవులోనో, రోలింగ్ మిల్లులోనో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి మీ ఇంట్లో ఉండవచ్చు. టీవీ శబ్దం పెంచుతాడు. పిల్లల మాటలు వినపడతాయి గాని అర్థం కావంటాడు. “వయసు మీద పడింది కదా” అని అందరూ సరిపెట్టుకుంటారు. అందులో కొంత నిజమే, ఎందుకంటే వయసుతో పాటు రోమకణాలు తగ్గుతాయి. కాని పెద్ద శబ్దం కూడా అవే కణాలను చంపుతుంది. రెండింటినీ వినికిడి పరీక్ష కొంతవరకు వేరుచేస్తుంది. వయసు వల్ల వచ్చే లోపంలో ధ్వని పౌనఃపున్యం పెరిగే కొద్దీ గీత కిందికి జారుతూ పోతుంది. శబ్దం వల్ల వచ్చే లోపంలో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, ఆపైన గీత కొంత లేస్తుంది. వయసు ముదిరాక ఈ రెండూ కలిసిపోతాయి. అందుకే పరీక్ష ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ చేయించాలి. మన దేశంలో ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. అది దాటే చోట చెవులకు రక్షణ ఇవ్వాలి.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక విశ్రాంత కార్మికుడిని అడిగి, ఆయన శరీరంలో వచ్చిన మూడు మార్పులను రాయండి. వాటిలో ఏవి వయసు వల్ల, ఏవి పని వల్ల, ఏవి రెండింటి వల్ల వచ్చి ఉండవచ్చో కారణాలతో చర్చించండి.