ముందు పిడికెడు తీశాకే ఎసరు

ఆదివారం గుడికి వెళ్లడమంటే మన ఆడవాళ్లకి ఎంత హడావుడో చెప్పక్కర్లేదు. తెల్లారకముందే లేచి, వంట ముగించి, అందర్నీ తయారుచేసి, కానుక డబ్బులు కొంగున ముడేసుకుని పరుగెత్తాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూతపడితే, నిజం చెప్తున్నాను, నాకు లోలోపల హాయిగానే అనిపించింది.

ఆరాధన మా వంటింట్లోకి వచ్చేసింది. సెల్‌ఫోను బియ్యం డబ్బాకి ఆనించి పెట్టి అయ్యగారి వాక్యం వినేవాళ్లం. నా చేతిలో గోరుచిక్కుళ్లు, మావారి చేతిలో కాఫీ గ్లాసు. ఏప్రిల్ 5, మట్టల ఆదివారం. మంచంలో ఉన్న మా అత్తయ్యగారు ప్రార్థన అయ్యాక మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, గుడి ఇంటికొచ్చింది సరే, మరి కానుక ఎందులో వేశావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడే చెప్పారు. వాళ్లమ్మగారు ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో పోసేవారట. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారని నేను తర్వాత తెలుసుకున్నాను. పూటపూటా తీసిన ఆ పిడికెళ్లతోనే అక్కడ సంఘం పనులు ఎన్నో నడుస్తున్నాయి. మన దోర్నకల్‌లో 1912లో బిషప్పయిన అజరయ్యగారు కూడా క్రైస్తవులు ఇవ్వడం గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఆ రోజే ఒక స్టీలు డబ్బా కడిగి తుడిచి పెట్టాను. నా పిడికెడు కాటాలో వేస్తే 50 గ్రాములు తూగింది. రెండు పూటలకి 100 గ్రాములు, నెలకి మూడు కిలోలు. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడకి పని పోయింది. కొత్తగా వేరుపడిన కాపురం, ఇంకా రేషను కార్డు రాలేదు. ఇద్దరు చిన్నపిల్లలు. డబ్బా నిండాక ఆవిడకే ఇద్దామనుకున్నాం.

ఇక్కడే నా పరీక్ష మొదలైంది. మావారు ప్రైవేటు స్కూల్లో మాస్టారు. ఆ నెల సగం జీతమే వచ్చింది. ఇరవై రోజులకి డబ్బాలో రెండు కిలోలు చేరాయి గానీ, మా బియ్యం బస్తా అడుగంటింది. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా ఆ డబ్బాలోంచి రెండు గ్లాసులు తీసి అన్నం వండేశాను. మా బియ్యమేగా అని సర్దిచెప్పుకున్నాను.

మూత చప్పుడు అత్తయ్యగారు విన్నట్టున్నారు. ఒక్క మాటా అనలేదు. "నాకీ పూట జావ చాలమ్మా" అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే కొట్లో అరువు తెచ్చి, తీసింది తీసినట్టు డబ్బాలో పోసి, సంచి కట్టి ఆవిడ గుమ్మం దగ్గర పెట్టి దూరంగా నిలబడ్డాను. సంచి చూసి ఆవిడ, "నిన్న రాత్రి పిల్లలు మంచినీళ్లు తాగి పడుకున్నారు అమ్మగారూ" అంది. ఆ రాత్రే కదా నేను రెండు గ్లాసులు తీసింది!

అప్పుడు నాకు సారెపతు విధవరాలు గుర్తొచ్చింది. తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి. అయినా ముందు ఏలీయాకి రొట్టె చేసి, తర్వాతే తనకీ కొడుక్కీ చేసుకుంది. తిన్నాక మిగిలింది పెట్టలేదు. మనకీ ఆమెకీ తేడా అదే.

ఇంట్లో ఆరాధన కొత్తేం కాదు. అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో సంఘం కూడేదని రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. ఊదారంగు వ్యాపారం చేసే లూదియ అపొస్తలుల్ని తన ఇంటికే పిలుచుకుంది. వాళ్ల ఇంటి తలుపు ఇతరుల కోసం తెరుచుకుంది. మనం మాత్రం తలుపేసుకుని, కాలు మీద కాలేసుకుని పాటలు వింటే చాలనుకుంటే ఎలా?

మీరూ మొదలుపెడతారా? అయితే నా అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు:

* పిడికెడు ఎసరు పెట్టకముందే తీయండి. వండాక చూద్దామంటే ఇక కుదరదు.
* మీరు తినే బియ్యమే వేయండి. పురుగు పట్టినవి, నూకలు వద్దు. డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు వేస్తే పురుగు చేరదు.
* డబ్బా నిండేదాకా ఆగొద్దు. వారం వారం ఇచ్చేయండి. నిండిన డబ్బా మనసుని లాగుతుంది, నన్ను లాగినట్టు.
* ఇచ్చేటప్పుడు బోధ చేయొద్దు. వాళ్లు ఏ మతమైనా ఆకలి ఒకటే. ఇచ్చిన సంగతి నలుగురికీ చెప్పొద్దు.

మరి నువ్వు ఇప్పుడు చెప్తున్నావుగా అంటారేమో! ఇచ్చిన సంగతి కంటే దొంగిలించిన సంగతే ఎక్కువ చెప్పాను, క్షమించండి.

అత్తయ్యగారు 2022లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. గుడి మళ్లీ ఎప్పటిలాగే నడుస్తోంది, మేమూ వెళ్తున్నాం. ఆ స్టీలు డబ్బా మాత్రం పొయ్యి పక్కనే ఉంది. రోజుకి రెండుసార్లు దాని మూత తీస్తాను, వేయడానికే.