యూకేలో చలి, వాన, సైకిల్: లావు జాకెట్టు ఒక్కటే సరిపోదు

హైదరాబాద్: యూకేకు చదువు కోసం వెళ్లే పిల్లల సూట్‌కేసులో ఇంట్లోవాళ్లు ముందుగా సర్దేది ఓ లావు జాకెట్టు. బట్ట ఎంత మందంగా ఉంటే అంత వెచ్చన అన్నది మనకు అలవాటైన లెక్క. కానీ లెస్టర్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ లాంటి ఊళ్లలో బస్సు ఖర్చు మిగుల్చుకోవడానికి యూనివర్సిటీకి, పార్ట్‌టైమ్ పనికి సైకిల్‌పై వెళ్లేవాళ్ల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ఆ ఊళ్లలో చలికాలమంటే మంచు కంటే వానే ఎక్కువ. 5 డిగ్రీల చలి, సన్నటి జల్లు, ఎదురుగాలి కలిసినప్పుడు ఒంటికి ఆనుకున్న బట్ట పొడిగా ఉండటమే అన్నిటికన్నా ముఖ్యం.

తడిస్తే ఏమవుతుంది?

గాలితో పోలిస్తే నీళ్లు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. పైగా సైకిల్ తొక్కుతుంటే గాలి లేని రోజున కూడా గాలి కొడుతుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ముఖానికి, చేతులకు దాదాపు 1 డిగ్రీ చలిలా అనిపిస్తుంది.

తడి రెండు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి వాన, లోపలి నుంచి చెమట. లావు జాకెట్టుతో తొక్కితే కాసేపటికే చెమట పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ చెమట చల్లబడి వణుకు మొదలవుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ రెయిన్‌కోటుతోనూ ఇదే గోల. ఈకలు నింపిన జాకెట్టు అయితే వానకు తడిసి ముద్దయ్యాక వెచ్చదనమే ఇవ్వదు.

మూడు పొరల పద్ధతి

ఒంటికి ఆనుకుని పల్చటి థర్మల్ ఇన్నర్ వేసుకోవాలి. అది ఉన్నిదో, పాలిస్టర్‌దో అయి ఉండాలి. కాటన్ బనియన్ వద్దు, అది చెమటను పీల్చుకుని అలాగే పట్టి ఉంచుతుంది. జీన్స్ కూడా కాటనే కాబట్టి ఒకసారి తడిస్తే గంటల తరబడి ఆరదు.

దానిపైన ఉన్ని స్వెటర్ గానీ ఫ్లీస్ గానీ వేసుకోవాలి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. అన్నిటికన్నా పైన వాన, గాలి ఆపే పల్చటి జాకెట్టు ఉండాలి. చంకల కింద జిప్పులు, వెనక నడుము కిందకు వచ్చే పొడవు ఉన్నది చూసుకోవాలి. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు కాస్త చలేస్తోందంటే బట్టలు సరిపోయినట్టే. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే దారిలో చెమట ఖాయం.

చేతులు, కాళ్లు, తల

ముందుగా మొద్దుబారేది వేళ్లే. వేళ్లు వంగకపోతే బ్రేక్ పట్టలేరు, అందుకే గ్లౌజుల దగ్గర పొదుపు చేయొద్దు. వాన ఆపే గ్లౌజులు లేని రోజున మామూలు గ్లౌజుల లోపల పల్చటి రబ్బరు గ్లౌజులు వేసుకున్నా పని నడుస్తుంది. సాక్స్‌పైన ప్లాస్టిక్ కవర్ తొడిగి బూట్లు వేసుకుంటే పాదాలకు తడి తగలదు. రెండు జతల సాక్స్ వేసుకుని బూట్లు బిగుతైతే రక్తం సరిగా ఆడక చలి ఇంకా పెరుగుతుంది. చక్రాలకు మడ్‌గార్డులు తప్పనిసరి. అవి లేకపోతే రోడ్డు మీది నీళ్లు వీపు దాకా కొడతాయి.

హెల్మెట్ కింద పల్చటి టోపీ చాలు. హిజాబ్ వేసుకునే అమ్మాయిలకు టోపీలా తలకు అతుక్కునే ఒక్క పొర రకం అనువుగా ఉంటుంది. దుపట్టా కొసలు జాకెట్టు లోపలికి దోపుకోవాలి, చక్రంలో చిక్కితే ప్రమాదం.

డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 4 గంటలకే చీకటి పడుతుంది. చీకట్లో సైకిల్‌కు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలన్నది అక్కడి చట్టం. నల్ల జాకెట్టే ఉంటే పైన మెరిసే పట్టీల వెస్ట్ వేసుకోవాలి.

రంజాన్‌లో మరింత జాగ్రత్త

రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మధ్యలో వచ్చింది కాబట్టి ఇంకొన్నేళ్లు చలికాలంలోనే ఉంటుంది. ఒంట్లో వేడి పుట్టాలంటే తిండి కావాలి. రోజాతో సైకిల్ తొక్కేవాళ్లు సెహ్రీ మానొద్దు, ఇఫ్తార్‌కు ముందు దూరం తొక్కాల్సి వస్తే మెల్లగా వెళ్లాలి. ఫజర్‌కు మసీదుకు బయల్దేరేముందు వుజూ తడిని చేతులు, పాదాలు, గడ్డం నుంచి పూర్తిగా తుడుచుకోవాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగాలి

ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే హైపోథర్మియా అంటారు. ఆగని వణుకు, మాట తడబడటం, అయోమయం, మగతగా ఉండటం దాని గుర్తులు. వెంటనే 999కు ఫోన్ చేయాలి. ఆ మనిషిని లోపలికి తీసుకెళ్లి, తడి బట్టలు తీసేసి, పొడి దుప్పటి కప్పాలి. పూర్తి స్పృహలో ఉంటే తియ్యటి వెచ్చని చాయ్ ఇవ్వొచ్చు. వేడి నీళ్ల స్నానం చేయించడం, చేతులు కాళ్లు రుద్దడం మాత్రం చేయకూడదు.

ఏది ఎక్కడ కొనాలి?

థర్మల్ ఇన్నర్లు, సాక్స్ ఇక్కడి నుంచే పట్టుకెళ్లొచ్చు, బరువు ఉండవు. లేబుల్‌పై కాటన్ అని ఉంటే పక్కన పెట్టాలి. వాన జాకెట్టు, గ్లౌజులు, మడ్‌గార్డులు అక్కడికి వెళ్లాక సైజు చూసుకుని కొనుక్కోవడం మేలు. వాడిన ఉన్ని స్వెటర్లు అక్కడి చారిటీ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. వీటితో పాటు బ్యాగులో ఒక జత పొడి సాక్స్, ఒక ఇన్నర్ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకోవాలి. క్లాసుకో పనికో చేరగానే మార్చుకుంటే మిగతా రోజంతా తడి బట్టలతో కూర్చోవాల్సిన పని ఉండదు.