తెరమీది పాఠము

అనకాపల్లి అనగానే ఎవరికైనను ముందుగా బెల్లము జ్ఞప్తికి వచ్చును. కాని ఈ పట్టణమునకు మరియొక ముఖము కూడ కలదు. ఇది విద్యార్థుల పట్టణము. మాడుగుల, చోడవరము, రావికమతము మొదలగు చోట్లనుండి యువతీయువకులు ఇచ్చటి కళాశాలలకు వచ్చుచుందురు. ఇచ్చటివారు అనేకులు ప్రతిదినము ఉదయమే రైలులోనో బస్సులోనో విశాఖపట్టణము పోయి, చదువుకొని, ప్రొద్దుగ్రుంకువేళకు ఇల్లు చేరుదురు.

2020 మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. రైళ్లు ఆగినవి. కళాశాలల తలుపులు అప్పటికే మూతపడినవి. కొన్ని వారములలోనే అధ్యాపకుడు తన యింటను, విద్యార్థి తన యింటను కూర్చుండి, నడుమ నొక సెల్‌ఫోను తెరను పెట్టుకొని పాఠములు సాగించుట మొదలయ్యెను. ఈ చదువు విద్యార్థులకు తృప్తి కలిగించినదా? ప్రపంచమున అనేక విశ్వవిద్యాలయములు తమ విద్యార్థులను ఈ ప్రశ్న అడిగినవి. ప్రశ్న చిన్నదే గాని సమాధానము అంత సులభము కాదు.

దూరమునుండి చదువుకొనుట మనకు క్రొత్త గాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే తపాలా ద్వారా పాఠములు పంపు శాఖను నెలకొల్పినది. ఆ పాఠముల కట్టలను ఇంట చదువుకొని, సంపర్క తరగతులకు పోయి సందేహములు తీర్చుకొని, ఎందరో గుమాస్తాలును, గృహిణులును, ఉపాధ్యాయులును పట్టభద్రులైరి. తరువాత 1982 ఆగస్టు 26న హైదరాబాదు రాజధానిగా నున్న అప్పటి ఉమ్మడి రాష్ట్రమున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము అవతరించెను. భారతదేశములో ఇట్టి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని తొలి ఉపకులపతి వారే. మన విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. బడిమెట్టు ఎక్కనివారు సైతము ఒక అర్హత పరీక్షలో కృతార్థులైనచో పట్టపరీక్షకు చదువుకొనుటకు అది వీలు కల్పించినది. పాఠములను అచ్చువేసి యిచ్చుటయే గాక ఆకాశవాణిలో వినిపించిరి. ఊరూర అధ్యయన కేంద్రములు పెట్టి, సెలవు దినములలో అధ్యాపకులు అచ్చట కూర్చుండి విద్యార్థుల ప్రశ్నలకు జవాబు చెప్పు ఏర్పాటు చేసిరి.

అట్టి చదువు ఆ విద్యార్థులకు వరమువలె తోచుటలో వింత లేదు. దానిని వారు తామే కోరుకొనిరి. ఉద్యోగమో సంసారమో అడ్డుపడి కళాశాలకు పోజాలనివారికి, లేనిచోట నొక ద్వారము తెరచుకొన్నది. 2020లో జరిగినది దీనికి విరుద్ధము. కళాశాలకు పోవుచున్న విద్యార్థికి ఆ ద్వారము మూసి, చిన్న కిటికీ నొకదానిని చూపిరి. కిటికీ యొకటే, కాని ఒకరికి అది లాభము, మరియొకరికి నష్టము. తృప్తిని గూర్చి విచారించువారు మొదట గమనింపవలసిన భేదము ఇది.

ఇక ఆ కిటికీ ఎట్లు పనిచేయునో కొంచెము చూతము. అధ్యాపకుని కంఠధ్వనిని, రూపమును యంత్రము అంకెలుగా మార్చును. ఆ అంకెలను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, తంతుల మీదుగాను, టవరులమీదుగాను పంపును. వినువాని ఫోను ఆ పొట్లములను వరుసగా పేర్చి మరల ధ్వనిగా, చిత్రముగా మార్చును. త్రోవలో కొన్ని పొట్లములు తప్పిపోయినను, ఆలస్యముగా చేరినను మాట తెగిపోవును. బొమ్మ బిగుసుకొని నిలిచిపోవును. ధ్వనికి పట్టు అంకెలకంటె చిత్రమునకు పట్టునవి అనేక రెట్లు ఎక్కువ. గంటసేపు చిత్రముతో కూడిన పాఠమునకు ఇంచుమించు అర గిగాబైటు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వ్యయమగును. దినమునకు ఒకటో ఒకటిన్నరో గిగాబైట్లు మాత్రమే కొనుక్కొన్న విద్యార్థికి రెండు మూడు పాఠములతో ఆనాటి గ్రాసము తీరిపోయెడిది. కావున విద్యార్థులు తమ కెమెరాలను కట్టివేసిరి. అధ్యాపకునకు ముఖములకు బదులు పేర్లు వ్రాసిన నల్లని గళ్లు మిగిలినవి.

ఇది స్వల్ప విషయముగా కనిపించును గాని కాదు. వెనుక బల్లపై కూర్చున్న బాలుని కనుబొమలు చూచినచో చెప్పినది అర్థమైనదో లేదో ఉపాధ్యాయునకు తెలిసిపోవును. ఈ విద్యను ఏ శిక్షణ కళాశాలయు నేర్పదు. ఏండ్ల తరబడి నల్లబల్ల ముందు నిలిచినవారికి అదియే అలవడును. నల్లని గడిని చూచి ఎవడును ఏమియు గ్రహింపజాలడు. ఆ యేడు విద్యార్థులకు ఎక్కువ లోటు కలిగినది ఇచ్చటనేయని నా నమ్మకము. పాఠము వారికి అందినది. తెలియలేదని పలికిన మాటగాని, ముఖమున కనబడిన సందేహముగాని తిరిగి అధ్యాపకునకు అందలేదు.

ప్రయోగశాల సంగతి చెప్పనక్కరలేదు. బెల్లము వండు పెనము వద్ద పాకము ముదిరినదో లేదో చెప్పగల రైతు దానిని బొమ్మలలో చూచి నేర్చుకొనలేదు. రసాయనశాలలో గాజుగొట్టమునుండి చుక్కచుక్కగా క్షారమును వదలుచు, లేత గులాబిరంగు కనబడగానే చేయి ఆపుటయు అట్టిదే.

పరికరములు అందరికిని ఉన్నవా? 2017-18లో కేంద్ర ప్రభుత్వపు గణాంకశాఖవారు జరిపిన సర్వే ప్రకారము దేశములోని గ్రామీణ కుటుంబములలో నూటికి 4 ఇండ్లలో మాత్రమే కంప్యూటరు కలదు. నూటికి 15 ఇండ్లకు అంతర్జాల సౌకర్యము కలదు. పట్టణములలో అంతర్జాలము గల ఇండ్లు నూటికి 42. ఆ లెక్క తీసిన రెండేండ్లకే పాఠములు తెరమీదికి పోయినవి. మనకు పడమట, నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాయందున్న పాడేరు, చింతపల్లి ప్రాంతములలో విద్యార్థులు సిగ్నలుకొరకు కొండమిట్టలెక్కి, చెట్లనీడన కూర్చుండి పాఠములు వినిరి. ఇంట ఉన్న ఒక్క ఫోనును అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులవారీగా పంచుకొన్న సందర్భములు మైదానపు పల్లెలలోను కలవు. అట్టిచోట్ల ఆడపిల్ల వంతు కడపటిదగుట మనమందరము ఎరిగినదే.

తృప్తిని కొలుచు పద్ధతి ఎట్టిదనగా, ‘మిక్కిలి తృప్తి’ మొదలు ‘మిక్కిలి అసంతృప్తి’ వరకు ఐదు మెట్లు వ్రాసి, విద్యార్థిని ఒకదానిని ఎన్నుకొమ్మందురు. 1932లో లైకర్టు అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టిన పద్ధతి యిది. దీనియందు రెండు చిక్కులు కలవు. మొదటిది, ఆ దినములలో ఈ ప్రశ్నపత్రములు సాధారణముగా ఫోనుద్వారానే పంపబడినవి. పాఠమే అందని విద్యార్థికి ప్రశ్నపత్రము ఎట్లు అందును? కొండమిట్టపై సిగ్నలు దొరకనివాని అసంతృప్తి ఏ పట్టికలోను చేరలేదు. పడవ యెక్కిన వారిని మాత్రమే పిలిచి ‘ప్రయాణము సుఖముగా నున్నదా?’ అని అడిగినట్లైనది.

రెండవది మరింత సూక్ష్మమైనది. 2019లో హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విద్యార్థులమీద జరిపిన పరిశోధన యొకటి ప్రకటింపబడినది. ఒక వర్గమునకు నిపుణుడు చక్కని ఉపన్యాసము నిచ్చెను. రెండవ వర్గముచేత అవే లెక్కలను చిన్న చిన్న జట్లుగా కూర్చుండబెట్టి చేయించిరి. ఉపన్యాసము విన్నవారు తాము ఎక్కువ నేర్చుకొంటిమని తలచిరి. పరీక్షలో రెండవ వర్గమువారికే ఎక్కువ గుణములు వచ్చెను. కష్టపడినప్పుడు తెలియకున్నట్లు తోచును. హాయిగా విన్నప్పుడు తెలిసినట్లు తోచును. ఇది తరగతిలో జరిగిన పరిశోధన. ఐనను తెరమీది పాఠమునకు మరింత వర్తించునని నాకు తోచుచున్నది. వినుట సులభమగుకొలది భ్రమయు పెరుగును.

ఈ పద్ధతిలో మంచి లేదని చెప్పుట న్యాయము కాదు. నిలువయుంచిన పాఠమును విద్యార్థి తనకిష్టమైన వేళ, తెలియని భాగము వచ్చినచోట ఆపి, వెనుకకు త్రిప్పి పదిమారులు వినవచ్చును. ఏ అధ్యాపకుడును ఒకేమాటను పదిమారులు చెప్పడు. అయితే పాఠము పొడవు కారాదు. అంతర్జాల పాఠములను లక్షలకొలది సార్లు చూచిన తీరును 2014లో పరిశీలింపగా, ఆరు నిమిషములకు లోబడిన పాఠములనే విద్యార్థులు ఎక్కువగా తుదివరకు చూచినట్లు తేలినది. గంటసేపటి తరగతిని ఉన్నదున్నట్లు తెరకెక్కించినవారు ఈ సంగతి గమనింపలేదు.

నేడు కళాశాలలు మరల యథాప్రకారము నడచుచున్నవి. తెరమీది పాఠము మాత్రము తొలగిపోలేదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘స్వయం’ అను అంతర్జాల వేదికపై దేశమునందలి ప్రసిద్ధ ఆచార్యుల పాఠములు లభించును. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో నూటికి 40 వంతుల వరకు ఇట్లు సంపాదించుకొనుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో అనుమతించినది. మాడుగులలోని విద్యార్థియు మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యుని పాఠమును ఇంటనుండియే వినవచ్చును. ప్రశ్న వేయుటకు అందు ఒక చర్చావేదిక కూడ కలదు. వేసిన ప్రశ్నకు జవాబు ఎన్నినాళ్లకు వచ్చుననునది మాత్రము ఆ పాఠమును నడుపువారి శ్రద్ధనుబట్టి యుండును.