చిన్న కమతమునకు తొలి ట్రాక్టరు

మన సంఘ సభ్యులలో షాద్‌నగరు ప్రాంతపు రైతొకరు తమ కాడియెద్దులను అమ్మి, హైదరాబాదు పాతబస్తీలో అగ్గువకు వచ్చు పాత ట్రాక్టరును చూడ బయలుదేరుచు, మమ్మును తోడు రమ్మనిరి. చార్మినారు దాపున మహబూబ్ చౌకులోని ఇనుప పనిముట్ల అంగళ్ళలో కొన్ని స్పానర్లు కొని, ఫలక్‌నుమా దిక్కునకు పోయితిమి. బండి కొత్త రంగుతో నిగనిగలాడుచుండెను. రంగును మెచ్చినకొలది ధర పెరుగునని ముందే చెప్పియుండుటచే మా మిత్రులు నోరు మెదపలేదు.

ఇంజను చల్లగా నుండగనే స్టార్టు చేయింపవలెను. మనము పోవునప్పటికే వేడిగా నున్నచో అనుమానింపదగును. విడువక నీలిపొగ వచ్చిన ఆయిలు తగులబడుచున్నదన్నమాట. కడ్డీ మీది ఆయిలు పాలవలె తెల్లబడిన నీరు చేరినదని యెరుగవలెను. వెనుక కల్టివేటరును తగిలించి, పైకెత్తించి, ఇంజను ఆపించితిమి. చూచుచుండగనే అది నేలకు దిగెను. హైడ్రాలిక్కు మరమ్మతు ఖర్చును అప్పుడే ధరలో తగ్గించి అడిగితిమి. గంటల మీటరును మేము నమ్మము. క్లచ్చి పెడలు అరుగుదలను చూతుము.

బేరము కుదిరినట్లే యుండెను. అంతలో ఆర్.సి. పుస్తకము విప్పగా బ్యాంకు తాకట్టు ఇంకను కొట్టివేయబడలేదు. అప్పు తీరినదని అమ్మువాడు ఒట్టు పెట్టెనే గాని, బ్యాంకు సంతకముగల 35వ ఫారమును చూపలేదు. అట్టి బండిని కొన్నచో పరుల బాకీకై బ్యాంకువారు దానిని మన చేనినుండియే పట్టుకొనిపోగలరు. పేరు మార్పునకు వలయు 29, 30 ఫారముల మాట యెత్తకయే తిరిగి వచ్చితిమి. వారము ముందు ఫోనులో మాటలకు మోసపోయి మా మిత్రులు పంపిన అయిదువేల బయానా మాత్రము నేటికిని రాలేదు.

దారిలో లెక్క వేసితిమి. వారికి నాలుగెకరములు. 2015-16 గణనలో తెలంగాణపు సగటు కమతము ఒక హెక్టారే, అనగా సుమారు రెండున్నర ఎకరములు. దుక్కి, దమ్ము, ధాన్యము తోలుట అన్నియు కలిపినను వారికి ఏడాదికి నూరు గంటల పని దాటదు. ట్రాక్టరు ఖర్చు కట్టువారో, ఏడాదికి 1000 గంటల పనిని ఆధారముగా గొందురు. మిగిలిన గంటలు అద్దెకు తిరుగనిచో కిస్తీ భూమి మీద పడును.

కొత్తబండి మాటయు ఆలోచింపదగినదే. జహీరాబాదులోని మహీంద్రా కర్మాగారము 2013లో ప్రారంభమైనది. విడిభాగములు దూరము నుండి తెప్పించు బాధ తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుండి జి.యస్.టి. 12 నుండి 5 శాతమునకు తగ్గినందున, పన్ను గాక అయిదు లక్షల ధరగల బండికి 35,000 రూపాయలు మిగులును. చెలకలకు 25, 30 గుర్రపు శక్తి చాలును. రేగడిని లోతుగా దున్నవలెనన్న 40 కావలెను. పొరుగువాని 50ని చూచి మురిసిన డీజిలు పోయవలసినవారము మనమే.

ఇప్పుడు వారును పొరుగు రైతులు మువ్వురును కలసి ఒక బండి కొన సంకల్పించిరి. డ్రైవరు జీతము, టైర్ల ఖర్చు ఎకరముల వంతున పంచుకొన కాగితము వ్రాసికొనిరి. మృగశిర వాన పడిననాడు నలుగురికిని ఒకేదినమున దుక్కి కావలెను గదా! ఆ వంతు ఒక్కటే యింకను తెగలేదు.