కంప్యూటర్‌లో నక్కిన దొంగ

జగిత్యాల, కోరుట్లలలో గల్ఫ్ నుంచి వచ్చే డబ్బును చూసుకునే ఇళ్లలోనైనా, సిరిసిల్లలో మరమగ్గాల లెక్కలు రాసే చోటైనా, యజమానికి తెలియకుండా కంప్యూటర్‌లో చేరి పాస్‌వర్డులు దొంగిలించడం వంటి హాని చేసే ప్రోగ్రామును, అంటే మాల్‌వేర్‌ను, ఆనవాలు పట్టడం అత్యవసరం. 2017 మేలో వానాక్రై అనే మాల్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకే తాళం వేసింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

ఏ పనీ చేయనప్పుడూ ఫ్యాను హోరెత్తడం, టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో ఎవరూ ఎక్కించని పేరు కనిపించడం అనుమానించదగిన గుర్తులు. అయితే రూట్‌కిట్ అనే రకం విండోస్ లోతుల్లో దాగి యాంటీవైరస్ కళ్లు కప్పగలదు కనుక, విండోస్‌తోనే వచ్చే డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కానే సరైన మార్గం. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ మేలుకోకముందే సుమారు 15 నిమిషాలు గాలిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి మాల్‌వేర్ తొలగింపు సాధనాలను ఉచితంగా అందిస్తోంది. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోన్ చేయాలి.