ఎమ్మారై... మీట నొక్కితే సరిపోదు!

రోగికి తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్‌ సిలిండరు పట్టుకుని ఎమ్మారై గదిలోకి అడుగుపెట్టాడు. క్షణంలో యంత్రం ఆ సిలిండరును, దానితోపాటు అతన్నీ లాగేసింది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో జరిగిన ఈ దుర్ఘటనలో ఆ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. యంత్రం ఆపి ఉందని సిబ్బందే చెప్పారన్నది బంధువుల ఆరోపణ. 2001లో అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రంలోనూ ఇలాగే సిలిండరు దూసుకొచ్చి తగిలి ఆరేళ్ల బాలుడు మరణించాడు.

ఎక్స్‌రే గదిలో ఇలాంటి ప్రమాదం ఉండదు. మీట కట్టేస్తే కిరణాలు ఆగిపోతాయి. ఎమ్మారై అలా కాదు. మైనస్‌ 269 డిగ్రీల ద్రవ హీలియంతో చల్లబరిచిన దాని అయస్కాంతం రాత్రి కేంద్రానికి తాళం వేసిన తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది. 1.5 టెస్లా యంత్రం శక్తి భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు.

ఒకప్పుడు హైదరాబాద్‌, విశాఖపట్నం వంటి నగరాలకే పరిమితమైన ఈ యంత్రాలు జిల్లా కేంద్రాలకూ వచ్చాయి. వాటి ముందు కూర్చుంటున్న రేడియోగ్రాఫర్లలో ఎక్స్‌రే, సీటీ పనిలో ఆరితేరి, ఎమ్మారైని సీనియరు పక్కన నిలబడి, కంపెనీ ప్రతినిధి ఇచ్చే కొద్దిరోజుల శిక్షణలో నేర్చుకున్నవారు ఎందరో. రోజువారీ పనికి ఆ నేర్పు చాలు. చిక్కు కేసు వచ్చినప్పుడే లోటు బయటపడుతుంది. ఎమ్మారైలో పీజీ చదువు అవసరం అక్కడే మొదలవుతుంది.

చిత్రం చేతిలోనే...

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, గాలి నల్లగా కనిపించడం ఎప్పుడూ మారదు. ఎమ్మారైలో అదే నీరు టీ1 చిత్రంలో నల్లగా, టీ2 చిత్రంలో తెల్లగా వస్తుంది. శరీరంలోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్‌ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి పంపే సంకేతాలతో చిత్రాన్ని నిర్మించడమే దీనికి కారణం. ఏ తరంగాన్ని ఎంత వ్యవధిలో పంపాలో, సంకేతాన్ని ఎప్పుడు అందుకోవాలో నిర్ణయించేది రేడియోగ్రాఫరే. ముక్క మందం తగ్గిస్తే వివరం పెరుగుతుంది కానీ సంకేతం బలహీనపడుతుంది. దాన్ని సరిచేయబోతే సమయం పెరుగుతుంది. నొప్పితో ఉన్న రోగి అంతసేపు కదలకుండా ఉండలేడు. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో మామూలు చిత్రాల్లో కనిపించని మార్పును డిఫ్యూజన్‌ చిత్రం పట్టిస్తుంది. ఎప్పుడు ఏది తీయాలో తెలియకపోతే కోట్ల రూపాయల యంత్రమూ వృథాయే.

భద్రత అంతకంటే పెద్ద పాఠం. పేస్‌మేకరు, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన పరికరం... వీటిలో కొన్నింటికి ఎమ్మారై పూర్తిగా నిషిద్ధం, కొన్నింటికి షరతులతో అనుమతి. ఆ షరతులు చదివి అర్థం చేసుకోవాలి. లేతు యంత్రం మీద, వెల్డింగులో పనిచేసిన మనిషి కంట్లో ఇనుప రజను ఉండొచ్చు. అడగందే అతను చెప్పడు. చేతులు రెండూ కలిపి పెట్టుకుని పడుకున్నా, తీగ చుట్టలా మెలిపడినా రేడియో తరంగాల వేడికి చర్మం కాలవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో కొన్ని గెడోలినియం మందులు చర్మాన్ని గట్టిపరిచే తీవ్రవ్యాధికి దారితీస్తాయని 2006లో వెల్లడైంది. ఇవేవీ ఎక్స్‌రే పాఠాల్లో ఉండవు.

పైగా ఎక్స్‌రే, సీటీ యంత్రాలపై అణుశక్తి నియంత్రణ మండలి నిఘా ఉంటుంది. ఎమ్మారైలో అలాంటి కిరణాలు లేనందున ఆ మండలి పరిధిలోకి రాదు. కాబట్టి గది తలుపు దగ్గర నిలబడే మనిషి పరిజ్ఞానమే రోగికి రక్ష.

ఎక్కడ, ఎలా?

మన దేశంలో ఇమేజింగ్‌ టెక్నాలజీలో డిగ్రీ పూర్తిచేసినవారికి రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. మణిపాల్‌లోని హెల్త్‌ ప్రొఫెషన్స్‌ కళాశాల, చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్‌ వంటివి ఇందుకు పేరున్నవి. అయితే ఇలాంటి ఎమ్మెస్సీల్లో ఎమ్మారై ఒక భాగం మాత్రమే. ఇంటర్‌ తర్వాత డిప్లొమాతో ఆగినవారు ముందు డిగ్రీ చేయక తప్పదు.

బ్రిటన్‌లో ఎమ్మారైకే ప్రత్యేకంగా పీజీ కోర్సులున్నాయి. 60 క్రెడిట్లకు సర్టిఫికెట్‌, 120కి డిప్లొమా, 180కి ఎమ్మెస్సీ. ఉద్యోగం చేస్తూనే మెట్టుమెట్టుగా చదవొచ్చు. అక్కడ ఈ పట్టా ఉన్నంత మాత్రాన రేడియోగ్రాఫర్‌గా పనిచేయనివ్వరు. హెచ్‌సీపీసీ నమోదు తప్పనిసరి. విదేశీ కలలు కనేవారు తరచూ మరిచే విషయమిది.

2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌ చట్టం ఎమ్మారై టెక్నాలజిస్టులను గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్‌ విధానాల్లో నిర్వహించరాదని యూజీసీ 2025లో ఆదేశించింది. ఇంట్లో కూర్చుని ఆరు నెలల్లో ‘ఎమ్మారై పీజీ’ అని వచ్చే ప్రకటనలను చూసి డబ్బు కట్టేముందు ఆగి ఆలోచించాలి.

చేరేముందు కళాశాలవారిని అడగాల్సినవి కొన్నే. సొంత ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం ఉందా? అది ఎన్ని టెస్లాలది? విద్యార్థి స్వయంగా యంత్రం మీద ఎన్ని వారాలు పనిచేస్తాడు? భౌతికశాస్త్రం చెప్పేదెవరు? భద్రత పాఠానికి విడిగా పరీక్ష ఉందా? సూటిగా జవాబు రాకపోతే మరో కళాశాల చూసుకోవడమే మేలు.