గ్లెన్ చనిపోయిన ఆదివారం

సీరియల్లో ఇష్టమైన పాత్ర చనిపోతే కళ్ళు తుడుచుకోవడం మనకి కొత్త కాదు. ‘రేపట్నించి చూడను ఫో’ అని టీవీ మీద అలగడమూ కొత్త కాదు. మర్నాడు అదే టైముకి అదే సోఫాలో కూర్చుంటాం! కానీ అలిగినవాళ్ళు నిజంగానే టీవీ కట్టేసి, మళ్ళీ ఆ ఛానల్ వైపు చూడకపోతే? అమెరికాలో 2016 అక్టోబరు 23 ఆదివారం రాత్రి తర్వాత చాలా ఇళ్ళలో అదే జరిగింది.

ఆ రాత్రి ఎఎంసి ఛానల్లో ‘ది వాకింగ్ డెడ్’ ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ వచ్చింది. చూసినవాళ్ళు కోటీ 70 లక్షల మంది. ఆ సీరియల్ పన్నెండేళ్ళ చరిత్రలో అంతకు మించి చూసింది ఒకే ఒక్క ఎపిసోడ్‌ని... 2014లో వచ్చిన అయిదో సీజన్ మొదటిది. మరుసటి ఆదివారానికి ఆ లెక్క కోటీ 24 లక్షలకి దిగింది. వారంలో నలభై లక్షలకు పైగా జనం ఏమయ్యారు? ఆ ఆదివారం బేస్‌బాల్ ఫైనల్ మ్యాచ్‌లలో ఒకటి కూడా ఉందనుకోండి. కొందరు అటు పోయి ఉంటారు. కానీ బేస్‌బాల్ అయిపోయాక కూడా అందరూ తిరిగి రాలేదు.

చచ్చినవాళ్ళు నడిచే లోకంలో...

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. లోకానికి ఏదో మాయరోగం వచ్చింది. చచ్చినవాళ్ళు లేచి నడుస్తున్నారు, కనిపించిన మనిషినల్లా కొరుకుతున్నారు. కరెంటు లేదు, పోలీసులు లేరు, ప్రభుత్వం లేదు. మిగిలిన కొద్దిమంది గుంపులుగా చేరి బతుకుతుంటారు. రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన బొమ్మల కథల పుస్తకాల ఆధారంగా 2010 అక్టోబరు 31న మొదలై, 2022 నవంబరు 20న 177వ ఎపిసోడ్‌తో ముగిసింది.

దయ్యాల కథ కదా, కుర్రాళ్ళు చూసుకునేది అనిపిస్తుంది పైకి. లోపలికి వెళ్తే ఉన్నదంతా సంసారమే! ఉన్న నాలుగు డబ్బాల తిండి ఎవరికి పెట్టాలి? పాలు లేని చోట పసిబిడ్డని ఎలా పెంచాలి? అసలు ఇలాంటి లోకంలో బిడ్డని కనొచ్చా? మూడో సీజన్‌లో లోరీ అనే ఆమెకి కాన్పు కష్టమవుతుంది. డాక్టరు లేడు, మత్తు మందు లేదు. మ్యాగీ అనే పొలం పిల్ల కత్తితో కడుపు కోసి బిడ్డని బయటికి తీస్తుంది. బిడ్డ దక్కుతుంది, తల్లి పోతుంది. ఆ మ్యాగీ తానే కడుపుతో ఉందని తెలిసినప్పుడు, పాత ఎపిసోడ్లు చూసినవాళ్ళ గుండెలు ఎందుకు గుబగుబలాడాయో వేరే చెప్పాలా?

ఆమె భర్తే గ్లెన్. లోకం బాగున్నప్పుడు ఇంటింటికీ పిజ్జాలు చేరవేసిన కుర్రాడు. కొరియన్ కుటుంబం నుంచి వచ్చినవాడు. ముక్కూమొహం తెలియని హీరోని మొదట్లోనే చావు నుంచి తప్పించింది ఇతనే. మందుల షాపు దారిలో మొదలైన వీళ్ళ ప్రేమ, మ్యాగీ తండ్రి అనుమతి అడిగి ఉంగరం తొడిగేదాకా సాగింది. ఆ ఉంగరం కూడా ఒక నడిచే శవం వేలి నుంచి కోసి తెచ్చినదే. షాపులెక్కడున్నాయి మరి!

అమెరికన్ టీవీలో ఆసియా మొహం ఉన్న మగాడంటే డాక్టరో, కంప్యూటర్ మనిషో, నవ్వించేవాడో. ప్రేమించి పెళ్ళాడే భర్తగా, ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ మెచ్చే మనిషిగా కనిపించడం అరుదు. స్టీవెన్ యన్ ఆ పాత్రని అలా నిలబెట్టాడు. ఆరో సీజన్ దాకా బతికున్న మనిషిని ఒక్కణ్ణి కూడా చంపలేదు గ్లెన్. ఆ చేతులకి నెత్తురంటిన ఎపిసోడ్ గురించి తర్వాత చెప్పుకుందాం, దానికీ ఈ గొడవకీ సంబంధం ఉంది.

203 రోజుల ఊరింపు

గొడవ నిజానికి ఆ ఆదివారం మొదలవలేదు. ఏడాది ముందే మొదలైంది. 2015 అక్టోబరు 25న గ్లెన్ శవాల గుంపు మధ్యలో పడిపోయినట్టు చూపించారు. పేగులు లాగుతున్నారు, అరుపులు... అయిపోయాడనుకుని జనం ఏడ్చారు. తర్వాతి వారాల్లో టైటిల్స్‌లో నటుడి పేరు కూడా తీసేశారు! తీరా నవంబరు 22న చూస్తే గ్లెన్ చెత్తడబ్బా కింద దూరి బతికే ఉన్నాడు. సంతోషించినవాళ్ళు ఉన్నారు. ‘మా కన్నీళ్ళతో ఆడుకుంటారా’ అని మండిపడినవాళ్ళూ ఉన్నారు.

ఆ మంట చల్లారకముందే 2016 ఏప్రిల్ 3న ఆరో సీజన్ ముగింపు వచ్చింది. మ్యాగీకి కడుపులో నొప్పి. వేరే ఊళ్ళో డాక్టరున్నాడని ఆమెను బండిలో పడుకోబెట్టి తీసుకుపోతుంటారు. పురిటి మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్న ఆత్రం ఎవరికి తెలియదు? ఏ దారిలో వెళ్ళినా శత్రువులు అడ్డం. చివరికి అందరూ దొరికిపోతారు. చీకట్లో, అడవిలో మోకాళ్ళ మీద వరసగా కూర్చోబెడతారు. అప్పుడొస్తాడు నీగన్. చేతిలో ముళ్ళతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాటు. దానికో పేరు, లూసిల్. చనిపోయిన తన భార్య పేరట! (మనుషుల్ని చంపే కర్రకి భార్య పేరు పెట్టుకోవడం ఏం ప్రేమో మరి.) వరసలో ఒకరిని ఎంచి బ్యాటు ఎత్తుతాడు. దెబ్బ తినేవాళ్ళ కళ్ళతోనే మనం చూస్తున్నట్టుగా తెర ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, సీజన్ అయిపోతుంది.

ఎవరు పోయారు? చెప్పలేదు. 203 రోజులు చెప్పలేదు. రహస్యం బయటికి పొక్కకుండా అక్కడున్న అందరి చావునీ విడివిడిగా చిత్రీకరించి పెట్టుకున్నారు. బెట్టింగులు, ఊహాగానాలు, ప్రచార బొమ్మలు... వేసవి పొడుగునా ‘చచ్చేదెవరు’ అన్నది ఒక పజిల్ అయిపోయింది.

అక్టోబరు 23న జవాబు కోసం కూర్చున్నవాళ్ళకి మొదటి ఇరవై నిమిషాలూ అదీ చెప్పలేదు. హీరో రిక్ మొహం మీద నెత్తురు. నీగన్ అతణ్ణి బండెక్కించి పొగమంచులో తిప్పుతాడు. మధ్యలో ప్రకటనలు! ఆ తర్వాత వెనక్కి వెళ్ళి చూపించారు. ముందు అబ్రహాం అనే సైనికుడు పోయాడు. ‘అయ్యో’ అనుకుంటూనే చాలామంది లోలోపల ఊపిరి పీల్చుకున్నారు, గ్లెన్ దక్కాడని. అంతలో డ్యారిల్ కోపం ఆపుకోలేక నీగన్‌ని ఒక గుద్దు గుద్దాడు. దానికి శిక్షగా బ్యాటు గ్లెన్ వైపు తిరిగింది.

ఆ తర్వాత చూపించింది ఇక్కడ రాయను. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో తెర మీద అలాగే చేశారంటే చాలు. నలిగిన తలతో, మాట ముద్దగా వస్తుంటే గ్లెన్ భార్య వైపే చూస్తాడు. నిన్ను వెతుక్కుంటూ వస్తానంటాడు. ఆమె నాలుగడుగుల దూరంలో, మోకాళ్ళ మీద, కదలలేకుండా.

కోపం దేనికి?

పుస్తకం చదివినవాళ్ళకి గ్లెన్ పోతాడని ముందే తెలుసు. 2012లో వచ్చిన నూరో సంచికలో అతని చావు ఇలాగే ఉంది. నటుడు స్టీవెన్ యన్ కూడా ఆ సంచిక చదివి, ఈ చావు ఇంకెవరికీ ఇవ్వొద్దు, నాకే ఉంచండి అన్నట్టు తర్వాత చెప్పుకున్నాడు. కాబట్టి ‘మా గ్లెన్‌ని ఎందుకు చంపారు’ అన్నది ఒక్కటే కాదు గొడవ.

ఒక వర్గానిది రక్తం మీద కోపం. పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ అనే తల్లిదండ్రుల సంస్థ, టీవీలో తాము చూసినవాటిలో అతి దారుణమైన వాటిలో ఇదొకటని బహిరంగంగా ఖండించింది. పెద్దలకు మాత్రమే అన్న గుర్తు వేశారుగా అంటే, వాళ్ళ జవాబు ఆలోచించదగ్గదే. కేబుల్ ప్యాకేజీలో ఈ ఛానల్ కూడా కలిపే అంటగడుతున్నారు, వద్దన్నా మా డబ్బు దానికి పోతోంది, మాకు కావలసినవే కొనుక్కునే వీలుండాలి అన్నారు. అక్కడి ప్రభుత్వ నిబంధనలు యాంటెన్నాతో వచ్చే ఛానళ్ళలో అసభ్యతని పట్టించుకుంటాయి గానీ, కేబుల్లో హింసని పట్టించుకోవు. ఫిర్యాదు చేసినా ఫలితం లేదన్నమాట. చేతిలో ఉన్నది రిమోటే.

ఇంకో వర్గం ఎదురు వాదన చేసింది. ఇన్నేళ్ళూ మనవాళ్ళు శత్రువుల తలలు పగలగొడుతుంటే చప్పట్లు కొట్టలేదా అని. ఇందాక చెప్పానే, గ్లెన్ చేతులకి నెత్తురంటిన ఎపిసోడ్ అని, అది ఇక్కడే గుర్తుకు తెస్తారు. నీగన్ మనుషులు నిద్రపోతుండగా వాళ్ళ స్థావరంలోకి వెళ్ళి, నిద్రలోనే పొడిచి చంపింది రిక్ గుంపే. గ్లెన్ కూడా ఏడుస్తూ ఒకణ్ణి చంపాడు. అంటే నీగన్ ఊరికే రాలేదు, బదులు తీర్చుకోవడానికి వచ్చాడు. మాటకి మాట నిజమే. నీగన్‌గా వేసిన జెఫ్రీ డీన్ మోర్గన్‌ని మెచ్చనివాళ్ళు లేరు. అతనికి ఆ ఏడాది క్రిటిక్స్ ఛాయిస్ అవార్డు కూడా వచ్చింది.

కొందరు డ్యారిల్‌ని తిట్టారు. ఆ గుద్దు గుద్దకపోతే గ్లెన్ బతికేవాడు కదా అని. మన ఇళ్ళలోనూ అంతే. ఎవరైనా పోగానే ‘నువ్వారోజు అలా చెయ్యకపోతే’ అని వేలెత్తి చూపడానికి ఒకరు కావాలి. ఆ సీజన్ చివర్లో డ్యారిల్ మ్యాగీ కళ్ళలోకి చూడలేక ఏడుస్తుంటే, తప్పు నీది కాదని చెప్పింది మ్యాగీయే.

నాకు మాత్రం అసలు మంట రక్తం దగ్గర లేదనిపిస్తుంది. పోయినవాళ్ళ కోసం ఏడవడానికి ఎవరూ వెనకాడరు. ఆ ఏడుపుని 203 రోజులు గాలానికి గుచ్చి ఊరించడమే జనానికి కొరుకుడు పడలేదు. కడుపుతో ఉన్న పిల్ల కళ్ళముందు మొగుణ్ణి చంపడం కథకి అవసరమే కావచ్చు. ఆ పిల్ల దుఃఖాన్ని పొడుపుకథ చేసి అమ్మడం ఏ కథకి అవసరం? ఒకసారి ఉత్తుత్తి చావు చూపించి ఏడిపించారు. రెండోసారి నిజంగా చంపి, అదెవరో చెప్పకుండా ఆడుకున్నారు. నమ్మి కూర్చున్నవాళ్ళకి కాలదూ!

మన దగ్గరా 2022లో ‘కార్తీకదీపం’లో డాక్టర్ బాబునీ వంటలక్కనీ యాక్సిడెంట్లో పంపించేసినప్పుడు ఎంత గోల అయిందో గుర్తుందా? కొన్నాళ్ళకి ఇద్దర్నీ మళ్ళీ తెచ్చారు. మనవాళ్ళు క్షమించేశారు కూడా. గ్లెన్ తల చూశాక అలా వెనక్కి తెచ్చే దారి లేదు.

మ్యాగీ లేచి నిలబడింది

ఈ గొడవలో అందరూ నీగన్ గురించి, బ్యాటు గురించి మాట్లాడారు గానీ, ఆ ఎపిసోడ్‌లో నన్ను కట్టిపడేసింది చివరి పది నిమిషాలు. శత్రువులు వెళ్ళిపోయారు. తెల్లారింది. అందరూ నేలమీదే ఉన్నారు. మొదట లేచింది మ్యాగీ. నిలబడలేకపోతోంది, తూలుతోంది. పట్టుకోబోతే వద్దంటుంది. మీరు ఇళ్ళకి వెళ్ళి పోరాటానికి సిద్ధమవండి, నేను డాక్టరు దగ్గరికి నడిచే వెళ్తానంటుంది. ఆ మొహంలో లారెన్ కోహాన్ చూపించింది నటనలా ఉండదు. పోయినవాణ్ణి ఇక్కడ వదలను, నేనే తీసుకెళ్తానంటుంది. ఆ తర్వాత వచ్చే ఊహ మరీ పిండేస్తుంది. ఎండలో పొడుగాటి భోజనాల బల్ల, అందరూ ఉన్నారు, గ్లెన్ ఒళ్ళో కొడుకు. ఎప్పటికీ జరగని ఆదివారం భోజనం.

చాలామంది అక్కడే టీవీ కట్టేశారు. కట్టెయ్యనివాళ్ళు నాలుగు వారాల తర్వాత ఇంకోటి చూశారు. భర్తని పాతిపెట్టిన ఊళ్ళో పెద్దమనిషి, ఈమెను వెళ్ళగొట్టాలని చూస్తాడు. పేరు కూడా సరిగ్గా పలకడు. మ్యాగీ వాడి మొహం మీద ఒక్కటిచ్చి తన పేరు చెబుతుంది, భర్త ఇంటిపేరుతో సహా. రిజిస్ట్రారూ లేడు, రేషన్ కార్డూ లేదు, ఆ పేరు ఎక్కడా రాసుకునే లోకం కాదది. అయినా చెప్పింది. కొన్నాళ్ళకి ఆ ఊరికి పెద్ద ఆమే అయింది.

తీసినవాళ్ళు ఏమన్నారు?

2017 జనవరిలో నిర్మాతల్లో ఒకరైన గేల్ యాన్ హర్డ్, ప్రేక్షకుల స్పందన చూశాక తర్వాతి ఎపిసోడ్లలో హింస తగ్గించామని ఒక సదస్సులో అన్నారు. కథ నడిపే స్కాట్ గింపుల్, ఆ ఎపిసోడ్‌కి దర్శకుడైన గ్రెగ్ నికొటీరో ఆ మాట ఒప్పుకోలేదు. ఆ సన్నివేశం కథకి అలా కావలసి వచ్చింది గనుక తీశాం, ఎవరికో భయపడి మార్చలేదన్నట్టు మాట్లాడారు. ఒకే ఇంట్లో రెండు మాటలు!

జవాబు ప్రేక్షకులే ఇచ్చారు. 2017 అక్టోబరులో ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌కి కోటీ 14 లక్షల మంది మిగిలారు. 2022లో ఆఖరి ఎపిసోడ్ నాటికి పాతిక లక్షలు కూడా లేరు. అప్పటికి కేబుల్ మానేసి ఇంటర్నెట్‌లో చూసుకునే అలవాటు పెరిగిందనుకోండి, పాపమంతా బ్యాటుదే అనలేం.

స్టీవెన్ యన్ ‘మినారి’ సినిమాతో 2021లో ఆస్కార్ ఉత్తమ నటుడి నామినేషన్ అందుకున్నాడు. ఆ విభాగంలో నామినేషన్ పొందిన మొదటి ఆసియా అమెరికన్ అతనే. మ్యాగీ, నీగన్ మాత్రం 2023లో ‘డెడ్ సిటీ’ అనే కొత్త సీరియల్లో మళ్ళీ వచ్చారు. ఇద్దరూ కలిసి! గ్లెన్ కొడుకుని ఎవరో ఎత్తుకుపోతే, వాణ్ణి వెతకడానికి మ్యాగీకి నీగన్ సాయం కావలసి వచ్చింది. తండ్రిని చంపినవాడితో కలిసి కొడుకు కోసం బయల్దేరింది. వాడి పక్కన నడుస్తున్నప్పుడు ఆమె చెయ్యి కత్తికి ఎంత దగ్గరలో ఉందో చూడడానికి, 2016లో టీవీ కట్టేసినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ పెట్టారో ఏమో.